థైరాయిడ్ మాత్ర రాసే డాక్టర్లకు: చీటీతో పాటు ఇంకో అరకాగితం ఇవ్వండి

డాక్టర్లందరికీ నమస్కారం.

ఫిజీషియన్లు, గైనకాలజిస్టులు, ఊళ్లో చిన్న క్లినిక్ నడుపుకునే ఎంబీబీఎస్ డాక్టర్లు, రెండు తెలుగు రాష్ట్రాల్లో థైరాయిడ్ మాత్ర రాసే ప్రతి ఒక్కరికీ ఈ ఉత్తరం. నాకు 25 ఏళ్లు. మాది ఖమ్మం దగ్గర పల్లె. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాను. పోయిన వానాకాలంలో నాకు హైపోథైరాయిడిజం, అంటే మెడలోని థైరాయిడ్ గ్రంథి మందగించే జబ్బు, ఉందని తేలింది. థైరాయిడ్ పనితీరు చూసే టీఎస్‌హెచ్ పరీక్షలో 38 వచ్చింది. నాలుగున్నర దాటకూడదని రిపోర్టులో పక్కనే అచ్చేసి ఉంది.

నాకు వైద్యం సరిగానే జరిగింది. ఆ మాటకొస్తే జబ్బును పట్టుకున్న డాక్టర్ గారికి నేను రుణపడి ఉన్నాను. ఒక ప్రైవేటు ఉద్యోగం కోసం చేయించిన మెడికల్ టెస్టుల్లో కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చింది. సన్నగా ఉన్నవాణ్ణి, నూనె వస్తువులు పెద్దగా తిననివాణ్ణి. మందు రాసి పంపేయకుండా, "ఈ వయసులో ఇంత ఎందుకుంది? ఒకసారి థైరాయిడ్ చూద్దాం" అన్నారాయన. థైరాయిడ్ మందగిస్తే కొలెస్ట్రాల్ పెరుగుతుందని అంతకుముందు నాకు తెలియదు. ఏడాదిగా లైబ్రరీలో పుస్తకం మీదే నిద్రపోతున్నా, ఏప్రిల్లో ఫ్యాన్ తగ్గించమని గదిలో వాళ్లతో గొడవ పడుతున్నా, గొంతు బొంగురుపోయినా ఎవరికీ అనుమానం రాలేదు. నాన్న ఫోన్ వల్ల అన్నాడు. రూమ్మేట్ బద్ధకం అన్నాడు. థైరాయిడ్ ఆడవాళ్ల జబ్బు కదా అని ఇప్పటికీ అంటున్నారు. ఆడవాళ్లలో చాలా ఎక్కువన్నది నిజమే కానీ మగవాళ్లకు రాదని ఎక్కడా లేదు.

నేను అడగబోయేది ఆ తర్వాతి సంగతి. రిపోర్టు చూసి డాక్టర్ గారు 75 మైక్రోగ్రాముల మాత్ర రాశారు. "జీవితాంతం వాడాలి" అన్నారు. బయట నుంచి తర్వాతి పేషెంటు పేరు పిలిచారు. చీటీ మీద మందు పేరు పక్కన ఓడీ, బీబీఎఫ్ అని ఉంది. మెడికల్ షాపతను దాన్ని చదివి డబ్బా మీద పెన్నుతో "ఉ. 1, పరగడుపున" అని రాసిచ్చాడు. నాకు అందిన వివరం మొత్తం అంతే.

మీ బాధా తెలుసు. సాయంత్రం ఓపీలో 60 మంది కూర్చుని ఉంటే ఒక్కొక్కరికి ఎంతసేపు ఇవ్వగలరు? పైగా ఇది అరుదైన జబ్బు కూడా కాదు. హైదరాబాద్‌తో సహా 8 నగరాల్లో 5,360 మంది పెద్దవాళ్లకు పరీక్షలు చేసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడిజం ఉన్నట్టు తేలింది. వాళ్లలో మూడో వంతు మందికి ఆ పరీక్ష చేసేదాకా తమకు జబ్బుందనే తెలియదు. అంటే మీ ముందు రోజూ కూర్చునేవాళ్లలో మా వంతు చాలానే ఉంటుంది. ఒక్కొక్కరికీ మొత్తం విడమరిచి చెప్పడం కుదరని పని. అందుకే కాగితం అడుగుతున్నాను.

ఎందుకు అవసరమో చెప్పడానికి నా కథకంటే మా అమ్మ కథ ఎక్కువ పనికొస్తుంది. అమ్మ కొన్నేళ్లుగా ఇదే మాత్ర వేసుకుంటోంది. 50తో మొదలైంది, 75 అయింది, 100 అయింది, చివరికి 125. టెస్టు చేయించిన ప్రతిసారీ టీఎస్‌హెచ్ ఎక్కువే, ప్రతిసారీ డోసు పెంచడమే. నాకు జబ్బు బయటపడ్డాక పండక్కి ఇంటికెళ్లినప్పుడు మొదటిసారి గమనించాను. తెల్లవారుజామున లేచి పాలు పొయ్యి మీద పెడుతుంది. కాఫీ కలుపుకుంటుంది. పొయ్యి పక్క గూట్లోంచి డబ్బా తీసి, ఆ కాఫీతోనే మాత్ర మింగుతుంది. దాంతో పాటే మోకాళ్ల డాక్టరు రాసిన కాల్షియం బిళ్ల కూడా, మర్చిపోకుండా ఉంటుందని. పరగడుపునే వేసుకుంటున్నానని ఆమెకు గట్టి నమ్మకం. ఆమె తప్పేముంది? మన ఇళ్లలో టిఫిన్ తినకపోతే పరగడుపే. పొద్దున్నే తాగే కాఫీని, టీని తిండి కింద ఎవరూ లెక్కెయ్యరు.

కాఫీ, పాలు, కాల్షియం, ఐరన్, ఇవన్నీ ఈ మందును కడుపులోనే పట్టి ఉంచి, ఒంటికి పట్టనివ్వవని మీకు వేరే చెప్పాలా! కాల్షియానికీ దీనికీ కనీసం 4 గంటల ఎడం ఉండాలన్నది మీ పాఠ్యపుస్తకాల్లో మాట. అమ్మకు మాత్రం ఆ మాట థైరాయిడ్ డాక్టరూ చెప్పలేదు, మోకాళ్ల డాక్టరూ చెప్పలేదు, రెండూ ఒకే కవర్లో వేసిచ్చిన మందుల షాపూ చెప్పలేదు. కాల్షియం రాత్రికి మార్చి, మాత్రకూ కాఫీకీ మధ్య గంట పెట్టించాను. కొన్ని వారాలకు అమ్మ గుండె దడ అంటోంది, చేతులు వణుకుతున్నాయంటోంది. టెస్టు చేయిస్తే టీఎస్‌హెచ్ అడుగంటింది. 125 మాత్ర అప్పుడే పూర్తిగా ఒంటికి పట్టడం మొదలైంది మరి. డాక్టరు గారు 88కి తగ్గించారు, ఇప్పుడు బాగుంది. ఇన్నేళ్లలో డోసు పెంచిన ప్రతిసారీ "ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా? దేంతో?" అని ఎవరైనా అడిగి ఉంటే ఆమె 125 దాకా వెళ్లేదే కాదు.

ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా అడిగేది ఇదే. డోసు మార్చే ముందు ఆ రెండు ప్రశ్నలు వేయండి. మొదటిసారి మందు రాసినప్పుడు, వాటికి జవాబులు తెలుగులో అచ్చేసిన అరకాగితం చీటీకి పిన్ను కొట్టి ఇవ్వండి. హైదరాబాద్‌లో ఉర్దూలో కూడా. బీపీ చూసే సిస్టరో, టోకెన్లు ఇచ్చే అబ్బాయో ఇచ్చినా చాలు.

అందులో ఏముండాలో పేషెంటు వైపు నుంచి చెప్తాను. మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి, తర్వాత అరగంట నుంచి గంట వరకు టీ, కాఫీ, పాలు సహా ఏదీ వద్దు అని ఉండాలి. టీ, కాఫీ అన్న మాటలు పేరు పెట్టి రాయాలి. పొద్దున కుదరని వాళ్లకు రాత్రి వేసుకునే దారి ఉందని చెప్పాలి, అదీ భోజనమయ్యాక 3 గంటలు ఆగి. నాకు ఇది రెండో విజిట్‌లో తెలిసింది. హాస్టల్లో రాత్రి రెండింటిదాకా చదివి, ఆరింటికి కింద బండి దగ్గర టీ తాగకపోతే కళ్లు తెరుచుకోని బతుకులు మావి. మెస్‌లో ఎనిమిదింటికి భోజనం, పదకొండున్నరకు మాత్ర. ఇప్పుడు మర్చిపోవడమన్నదే లేదు. ఉపవాసాలుండే వాళ్లకీ, రంజాన్ నెలలో రోజా ఉండే వాళ్లకీ కూడా టైం ఎలా మార్చుకోవాలో ఒక్క వాక్యం చాలు, మందు మానెయ్యకుండా ఉంటారు. ఒకరోజు మర్చిపోతే కంగారు పడక్కర్లేదని, గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చని కూడా రాయండి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుందట. అది తెలియక ఒకపూట తప్పినందుకు ఏడ్చినంత పని చేసినవాళ్లను చూశాను.

వారం మాట వచ్చింది కాబట్టి టెస్టు సంగతి. మందు మొదలెట్టినా, డోసు మార్చినా టీఎస్‌హెచ్ కుదురుకోవడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఇది చెప్పకపోతే ఏమవుతుందో మా హాస్టల్లో చూస్తున్నాను. పదిహేను రోజులకే సొంత డబ్బులతో ల్యాబుకు వెళ్లి, తగ్గలేదని దిగులు పడి, కొందరు మందే మానేస్తారు. "వాడినా ఏం తేడా లేదు, పైగా వేడి చేసింది" అన్న మాట మీరూ వినే ఉంటారు. అసలు టీఎస్‌హెచ్ అంటే థైరాయిడ్ హార్మోను కాదని, అది మెదడు కింది పిట్యూటరీ గ్రంథి వేసే ఆర్డరని ముందే చెప్తే సగం గందరగోళం పోతుంది. కింద కూలీ నెమ్మదిస్తే పైన మేస్త్రీ గొంతు పెంచుతాడు, ఆ గొంతే టీఎస్‌హెచ్. అందుకే మనకు హార్మోను తక్కువై, రిపోర్టులో నంబరు ఎక్కువ వస్తుంది. "థైరాయిడ్ ఎక్కువైందట" అని ఊరంతా చెప్పుకుంటున్న వాళ్లలో చాలామందికి నిజానికి అది తక్కువే.

టెస్టుకు వెళ్లే రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలన్నది ఇంకో ముక్క. బయోటిన్ అనే విటమిన్ గురించి మాత్రం దయచేసి లావు అక్షరాల్లో వేయండి. థైరాయిడ్ మందగిస్తే జుట్టు రాలుతుంది. జుట్టు రాలితే మా వయసు వాళ్లు ముందు వెళ్లేది డాక్టరు దగ్గరికి కాదు, ఫోన్లో ప్రకటన చూసి బయోటిన్ గమ్మీలు ఆర్డరు పెడతారు. చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ కొలిచే పద్ధతిలోనే బయోటిన్ వాడతారు కాబట్టి, ఒంట్లో అది ఎక్కువుంటే లెక్క తప్పుతుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. అంటే జబ్బు వల్ల జుట్టు రాలి, జుట్టు కోసం వేసుకున్న బిళ్ల జబ్బునే దాచేస్తుంది. కనీసం రెండు రోజుల ముందు ఆపమని చెప్తే సరిపోతుంది. మీరు వాడుతున్న మందులేమిటని అడిగినప్పుడు గమ్మీల పేరు ఎవరూ చెప్పరు. అవి మందులని ఎవరూ అనుకోరు.

మరి ఎందుకొచ్చింది? ఈ ప్రశ్నకు మీరు జవాబు చెప్పకపోతే చుట్టాలు చెప్తారు. మా మేనత్త ఉప్పు తక్కువ తిన్నందుకంది. ఇంకొకాయన క్యాబేజీ అన్నాడు. వాట్సాప్‌లో సోయా, గోబీ, రాగి, సజ్జ అన్నీ నిషేధించారు, ఇక గాలి ఒక్కటే మిగిలింది. గ్రూప్స్‌కు చదివేవాణ్ణి, ఉప్పు చరిత్ర నాకు కొంచెం తెలుసు. అయోడిన్ లేక గొంతు వాపులు (గాయిటర్) వచ్చే కాలం ఒకటుండేది. హిమాచల్‌లోని కాంగ్రా లోయలో అయోడిన్ కలిపిన ఉప్పుతో ఆ వాపులు తగ్గించవచ్చని 1956లో మొదలైన అధ్యయనంతో నిరూపించింది మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారే. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న నిబంధన 2006 నుంచి మళ్లీ అమల్లో ఉంది. ఇలా అయోడిన్ అందుతున్న చోట నాలాంటివాళ్లకు ఈ జబ్బు రావడానికి ఎక్కువగా కారణం ఒంట్లో రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేయడం. 1912లో దాన్ని మొదట వర్ణించిన జపాన్ డాక్టర్ హషిమోటో పేరే దానికి పెట్టారు. ఆ దాడిని పట్టిచ్చే యాంటీ టీపీవో పరీక్ష నాకు పాజిటివ్ వచ్చింది, అంటే ఆ బాపతే.

ఇంత చరిత్ర మీ కాగితంలో అక్కర్లేదు. "ఇది మీరు తిన్నదాని వల్ల, చేసినదాని వల్ల వచ్చింది కాదు" అన్న ఒక్క వాక్యం చాలు. వండిన క్యాబేజీ మామూలుగా తినొచ్చని, అయోడిన్ చుక్కలు సొంతంగా వేసుకోవద్దని, ఆరోగ్యమని అయోడైజ్డ్ ఉప్పు మానేసి పింక్ సాల్ట్‌కు మారొద్దని ఇంకో రెండు లైన్లు. ఆ పింక్ సాల్ట్ ఇప్పుడు మా ఊరి కిరాణా కొట్టుకు కూడా వచ్చేసింది. అరవై ఏళ్ల కష్టాన్ని ఫ్యాషన్ పేరు చెప్పి వెనక్కి తిప్పుతున్నామా అని నాకు భయంగానే ఉంది.

"జీవితాంతం" అన్న మాటను ఇంకోలా చెప్పొచ్చేమో ఆలోచించండి. మీకది రోజుకు పదిసార్లు అనే మాట. 25 ఏళ్లవాడికి అది తీర్పులా వినబడుతుంది. ఆ రోజు చిక్కడపల్లి నుంచి హాస్టల్‌కు నడిచి వస్తూ, ఇక పోలీసు ఉద్యోగాలకు పనికిరానేమో అనుకున్నాను. నాకు నచ్చిన వైద్య చరిత్ర ఒకటి చెప్తాను. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే డాక్టరు ఈ జబ్బు బాగా ముదిరిన 46 ఏళ్ల ఆవిడకు గొర్రె థైరాయిడ్ రసం ఎక్కించాడు. అప్పటిదాకా దీనికి మందు లేదు, మనుషులు ఉబ్బిపోయి, మందగించి పోయేవాళ్లు. ఆవిడ ఆ తర్వాత 28 ఏళ్లు బతికి, 74వ ఏట 1919లో పోయింది. మనకు గొర్రెల బాధ లేదు, డబ్బాలో మాత్రలున్నాయి, అవీ అత్యవసర మందుల జాబితాలో ఉండి ధర నియంత్రణ కింద దొరుకుతున్నాయి. ఒంట్లో తయారు కావలసిందే తయారు కావడం లేదు, దాన్నే బయట నుంచి ఇస్తున్నాం, అన్నారు రెండో విజిట్‌లో చూసిన డాక్టరమ్మ. ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. కొత్తవాళ్లకు ఆ మాట మొదటి రోజే చెప్పండి.

ఆడపిల్లల సంగతి వేరు. మా పెద్దమ్మ కూతురు నాకు అక్క. సంబంధాలు చూస్తున్నప్పుడు మందు డబ్బా బీరువాలో బట్టల కింద పెట్టేవాళ్లు. పెళ్లయ్యాక అత్తవారింట్లో ఎవరైనా చూస్తారని అక్క మాత్రలే మానేసింది. కొన్ని నెలలకు నెల తప్పింది. గర్భం అని తెలిసిన రోజే ఫోన్ చేయాలని, మందు ఆపడం కాదు, పావు వంతు పైనే పెంచాల్సి రావచ్చని, మొదటి నెలల్లో బిడ్డకు కావలసిన థైరాయిడ్ హార్మోను తల్లి నుంచే వెళ్లాలని ఆమెకు ఎవరూ చెప్పి ఉండలేదు. పెళ్లికి ముందు రాసిన డాక్టరు, పెళ్లికాని పిల్లకు ఆ మాటెందుకని అనుకున్నారేమో. అదృష్టం కొద్దీ మొదటి చెకప్‌లోనే గైనకాలజిస్టు పట్టుకున్నారు, పాప బాగుంది. పెళ్లయినా కాకపోయినా ఆ వయసు ఆడవాళ్లందరికీ ఇచ్చే కాగితంలో ఈ పేరా ఉండాల్సిందే. వీలైతే మొగుడికీ, అత్తకీ కూడా అర్థమయ్యేలా.

ఇంకోవైపు, టీఎస్‌హెచ్ కాస్త పెరిగిన ప్రతివాడికీ మాత్ర అంటగట్టమని నేను అనడం లేదు. మా గదిలోనే ఒకడికి 5.8 వచ్చింది, టీ4, అంటే అసలు థైరాయిడ్ హార్మోను, మామూలుగానే ఉంది, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. రెండు మూడు నెలలాగి మళ్లీ చూద్దామని కూడా అనకుండా మొదటిరోజే "జీవితాంతం" అనేశారు. వాడు వేరే డాక్టరుకు చూపించుకుంటే ఆగమన్నారు, మళ్లీ చేస్తే 3.9.

మందు నిల్వ మాట కూడా ఒకటి. ఈ మాత్రకు వేడి, తేమ, వెలుతురు పడవు. రామగుండం, రెంటచింతల ఎండల్లో, రేకుల కప్పు కింద, పొయ్యి పక్క గూట్లో పెట్టిన డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు. కంపెనీ డబ్బాలోనే, ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టమని రాయండి. షాపులో కంపెనీ మార్చి ఇస్తే మీకు చెప్పమని కూడా.

చివరగా, ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకోండి: "మనసెలా ఉంది?" నిద్రమత్తు, మలబద్ధకం, చలి అన్నీ చెప్పుకున్నాను కానీ, చదివింది గుర్తుండక నేను దేనికీ పనికిరానని రోజూ అనుకుంటున్న సంగతి నాకు నేనుగా చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. అది కూడా జబ్బులో భాగం కావచ్చని, మందు అందుకున్నాక చాలామందిలో తేలికపడుతుందని, తేలికపడకపోతే దానికి వేరే సాయం ఉందని తెలిసి ఉంటే ఆ రోజులు అంత బరువుగా గడిచేవి కావు.

మీకు పని తగ్గిద్దామని అరకాగితం నమూనా నేనే తయారుచేశాను. పైన రాసినవన్నీ అందులో ఉన్నాయి, రెండో విజిట్‌లో చూసిన డాక్టరమ్మ చదివి రెండు చోట్ల దిద్దిచ్చారు. పెద్ద అక్షరాలే వాడాను, మా అమ్మ కళ్లద్దాలు లేకుండా చదివింది. మీకు నచ్చినట్టు మార్చుకుని మీ లెటర్‌హెడ్ మీద వేసుకోండి, నా పేరు అక్కర్లేదు. కింద మీ క్లినిక్ ఫోన్ నంబరుకూ, తర్వాతి టెస్టు తేదీకీ ఖాళీ వదిలాను.

ఇట్లు,
అశోక్‌నగర్ హాస్టల్ నుంచి ఒక థైరాయిడ్ పేషెంటు